వంద కాయల ఇల్లు, పది కాయల ఇల్లు

ఆవకాయ రోజుల గురించి నలుగురు ఆడవాళ్ళు మాట్లాడుకుంటే కబురు చివరికి ఒక అంకె దగ్గర ఆగుతుంది. "మా అమ్మ వంద కాయలు పెట్టేది." "మా అత్తగారు రెండొందలు, అదీ మడి కట్టుకుని." ఆ వెంటనే ఓ నిట్టూర్పు. "నేను పది కాయలకే నడుం పట్టుకుని కూర్చుంటున్నాను."

ఆ నిట్టూర్పులో లెక్క తప్పింది. వంద కాయలు పెట్టింది అమ్మ కాదు, ఆ ఇల్లు.

ఒక్కసారి ఆ పనిని విడదీసి చూడండి. మామూలు కాయ పావుకిలో, మూడొందల గ్రాములు తూగుతుంది. వంద కాయలంటే 25 నుంచి 30 కిలోలు. జీడి పోగా ముక్కలు ఇరవై కిలోల పైమాటే. దానికి కారం నాలుగైదు కిలోలు, ఆవపిండి అంతే, ఉప్పు దాదాపు అంతే, పప్పునూనె (నువ్వుల నూనె) పది లీటర్లు. అన్నీ కలిస్తే నలభై కిలోల పైన సరుకు. చేయి తిరిగినవాళ్ళకి కూడా రెండు కిలోల ముక్కల్ని పొర గీకి తుడవడానికే గంట దాటుతుంది. ఒక్క మనిషి చేస్తే వంద కాయలకి ఆ ఒక్క పనే రోజంతా పడుతుంది. మరి కత్తి పని, దంపుడు, జల్లెడ, కలపడం, జాడీకెత్తడం ఎప్పుడు?

అందుకే ఏ ఇంట్లోనూ ఒక్కరు చేయలేదు. తెల్లారకముందే తోటకో సంతకో వెళ్ళి కాయలు తెచ్చేది మగవాళ్ళు. ముదిరిన టెంకను ఒక్క దెబ్బకి రెండు చేయాలంటే భుజబలం కావాలి కాబట్టి చెక్కకు బిగించిన పెద్ద కత్తి దగ్గర కూర్చునేదీ వాళ్ళే. గాబులో కాయలు తేల్చి, కడిగి, పాత పంచె మీద ఆరబోసి తుడిచే పని పిల్లలది. కారం దంచడానికి కూలికి మనుషులు వచ్చేవారు, తర్వాత్తర్వాత అది మరకి వెళ్ళింది. కొలత ఇంటి ఇల్లాలిది. సోల, తవ్వ ఆవిడ చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో కనిపించేవి కావు. మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపేది వయసులో ఉన్న కోడళ్ళు. ముక్కల్లోంచి జీడి తీసి, టెంక లోపలి పక్కన అంటుకున్న పలచటి పొరని చెంచా అంచుతో గీకే పని పెద్దావిడది. గోడకి చేరగిలబడి, కాళ్ళు చాపుకుని చేసుకునేది. ఆ పొర వదిలేస్తే తడి పట్టి ఉంటుంది, తర్వాత ఊడి ఊటలో తేలుతుంది. అంటే పచ్చడి ఏడాది నిలవడానికి అసలు కీలకం ఆ కదల్లేని మనిషి చేతిలోనే ఉండేది. ఆఖర్న ఉప్పు చూసేదీ ఆవిడే. నాలిక్కి రాసుకుని, ఒక్క క్షణం ఆగి, "ఇంకో గుప్పెడు పడాలి" అంటే ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

బాలింతకి ఆ ఏడు పనిలో వాటా లేదు. మడి పేరుతో కొందరిని పక్కన కూర్చోబెట్టిన పద్ధతిని ఇప్పుడు ఎవరూ వెనకేసుకు రానక్కర్లేదు గానీ, చంటిబిడ్డ తల్లికి "ఈ ఏడు నేను పచ్చడి పెట్టలేకపోయాను" అన్న బెంగ మాత్రం ఉండేది కాదు. అదే మనిషి పదేళ్ళప్పుడు కాయలు తుడిచింది, పాతికలో కలిపింది, నలభై అయిదులో కొలిచింది, డెబ్భైలో పొర గీకింది. ఏ వయసుకి ఏ పనో ఇల్లే చూసుకునేది. ఇప్పుడు మనం ఆ నాలుగు వయసుల పనినీ ఒక్క వయసులో, ఒక్క ఆదివారంలో, ఒక్క మనిషి చేయాలనుకుంటున్నాం. పైగా సోమవారం ఆఫీసు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది కాయల సంఖ్య. మన ఇంట్లో ఇప్పుడు ఎంతమందిమి, ఎంత తింటాం అన్నదాన్నిబట్టి అది తేలాలి. అమ్మ పెట్టిన సంఖ్యతో దానికి పని లేదు. కిలో ముక్కలు పెడితే నూనె, పిండ్లు కలిసి దాదాపు రెండు కిలోల ఆవకాయ అవుతుంది. ఇద్దరే ఉన్న ఇంట్లో వారానికి మూడు రోజులు, మనిషికి చెంచాడు (15 గ్రాములు అనుకోండి) వేసుకుంటే ఏడాదికి అయిదు కిలోలు కూడా కాదు. అంటే రెండు, రెండున్నర కిలోల ముక్కలు, పది కాయలు. "రోజూ తింటాం కదా" అనేవాళ్ళకి ఇంకో లెక్క: ఆ చెంచాడులో ఒకటిన్నర గ్రాముల ఉప్పుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. బీపీ మాత్ర వేసుకునే ఇంట్లో పది కిలోల జాడీ ఉండాల్సిన అవసరం లేదు.

ఇక సంఖ్య తగ్గించినప్పుడు అన్నీ అదే వంతున తగ్గిస్తే సరిపోతుందనుకోవడం దగ్గరే చాలా పచ్చళ్ళు పాడవుతాయి.

మొదటిది నూనె. పెద్ద జాడీలోనైనా చిన్న సీసాలోనైనా ముక్కల మీద వేలెడు మందాన నూనె నిలవాల్సిందే. ఆ పొర గాలిని అడ్డుకుంటుంది. పది కిలోల జాడీలో పైభాగం మొత్తం సరుకులో చిన్న వంతు. రెండు కిలోల వెడల్పాటి డబ్బాలో అదే పెద్ద వంతు. అందుకే ఎక్కువ పెట్టినప్పుడు కిలో ముక్కలకి 400 మిల్లీలీటర్లతో సరిపెట్టుకున్నా, తక్కువ పెట్టినప్పుడు అర లీటరు తీసి ఉంచుకోవాలి. వెడల్పు డబ్బా కాకుండా నిటారుగా ఉండే సీసా ఎంచుకుంటే నూనె కలిసొస్తుంది. మూడో రోజు తిరగ కలిపినప్పుడు నూనె తేలకపోతే మొహమాటపడకుండా ఇంకాస్త పోయండి. పైన ముక్క నూనెలోంచి తల ఎత్తిందంటే బూజు మొదలయ్యేది అక్కడే.

రెండోది ఉప్పు. పాత కొలతలన్నీ సోలతో, తవ్వతో, గిన్నెతో. ఇప్పుడు వంటింట్లో తూకం యంత్రం వచ్చింది. గిన్నెడు మెత్తటి ఉప్పు బరువు గిన్నెడు కారం బరువుకి రెట్టింపు దాకా ఉంటుంది. అమ్మ "కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ముప్పావు" అని చెప్పిందంటే అది కచ్చాపచ్చాగా దంచిన కల్లుప్పు, గిన్నెతో కొలిచింది. దాన్నే మెత్తటి ప్యాకెట్ ఉప్పుతో గిన్నెకి గిన్నె వేస్తే పచ్చడి నోట పెట్టలేం. అదే వంతు గ్రాముల్లోకి మార్చి 200, 200, 150 వేస్తే బయట ఏడాది నిలిచేంత ఉప్పు పడదు. తూకంలో అయితే కిలో ముక్కలకి కారం 200 గ్రాములు, ఆవపిండి 200, ఉప్పు 200, మెంతులు రెండు చెంచాలు, ఇలా మొదలుపెట్టి మూడో రోజు ఉప్పు చూసి సర్దుకోవడం క్షేమం. ఫ్రిజ్‌లోనే ఉంచి ఆర్నెల్లలో తినేసే పచ్చడికి ఉప్పు 150కి తగ్గించినా ఫర్వాలేదు. బయట ఉంచేదానికి మాత్రం తగ్గించొద్దు.

మూడోది కలిపే తీరు. నాలుగైదు కిలోల పచ్చడిని బేసిన్‌లో ఒకేసారి ఎత్తి కలపడం మణికట్టుకి శిక్ష. కొన్ని ఇళ్ళలో పాతరోజుల్లోనే ఇంకో పద్ధతి ఉండేది, అది ఇప్పటి చేతులకి బాగా నప్పుతుంది: మూడు పిండ్లూ మెంతులూ పొడిగా ముందే కలిపేసుకోవాలి. ఒక గిన్నెలో నూనె. గుప్పెడు ముక్కలు నూనెలో ముంచి, పిండిలో దొర్లించి, సీసాలో వేసి, పైన చారెడు పిండి చల్లడం. మళ్ళీ గుప్పెడు. ఆఖర్న మిగిలిన పిండి, మిగిలిన నూనె. డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు, మధ్యలో ఫోనొస్తే లేచి వెళ్ళొచ్చు, కిందా మీదా పడక్కర్లేదు. ముక్కకి ముందు నూనె పట్టడం వల్ల ఊట కాస్త ఆలస్యంగా దిగుతుంది, ముక్క గట్టిగా ఉంటుంది. నన్నడిగితే పది కాయల ఇంటికి ఇదే మేలైన దారి.

పింగాణి జాడీ మోజు గురించి కూడా ఒక మాట. అరవై దాటిన మనిషి నిండిన పెద్ద జాడీని అటక మీంచి దించకూడదు. జారేది జాడీ ఒక్కటే కాదు. రెండు కిలోలు పట్టే గాజు సీసాలు రెండు, రోజువారీకి చిన్న జాడీ ఒకటి చాలు. జాడీ ఉండాలనే పట్టుదల ఉంటే ఆ చిన్నది పింగాణీదే పెట్టుకుని పైన వాసెన గుడ్డ కట్టుకోండి, ఎవరొద్దంటారు. పెద్ద సీసాల్లో తడి గరిటె పడదు, అసలు సరుకు పదిలంగా ఉంటుంది.

తగ్గించుకోకూడనివి కొన్ని ఉన్నాయి. పది కాయలే కదా అని కాయ ఎంపికలో తొందరపడితే ఆ పదీ పోతాయి. చిన్నరసాలు, జలాలు, తెల్లగులాబీ, కొత్తపల్లి కొబ్బరి, ఏ ప్రాంతం వాళ్ళది ఆ ప్రాంతం పంతం. పేరేదైనా ఒక కాయ కోయించి చూడాలి. టెంక కత్తికి అడ్డం తగలాలి, కండ తెల్లగా ఉండాలి, నాలిక జివ్వుమనాలి. టెంక లేతదైతే శ్రావణానికల్లా ముక్క టెంకని వదిలేసి గుజ్జవుతుంది. కండకి పసుపు తిరిగిందంటే తీపి దిగుతోందని అర్థం. ఆ ముక్క త్వరగా మెత్తబడుతుంది. వాన పడ్డాక కొన్న కాయలు వద్దనేది కూడా చాదస్తం కాదు.

ముక్కలు బజారులోనే కోయించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. రైతు బజార్ల దగ్గర సీజన్‌లో కత్తి పట్టుకుని కూర్చునేవాళ్ళు కిలోకింతని తీసుకుని నిమిషాల్లో కొట్టి ఇస్తారు. తప్పు జరిగేది ఎక్కడంటే, అక్కడే కొని, కడగకుండా అక్కడే కొట్టించి, ఇంటికొచ్చి ముక్కల్ని కడగడం. కోసిన ముక్క నీళ్ళు తాగుతుంది, ఎంత తుడిచినా పోదు. కాయలు ముందురోజు కొనండి. రెండు గంటలు నీళ్ళలో ఉంచి, సొన పోయేలా కడిగి, తుడిచి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టండి. పొద్దున్నే పొడిగుడ్డ, మూతున్న స్టీలు డబ్బా పట్టుకెళ్ళి, కత్తి తుడిపించి కొట్టించండి. ఇంటికొచ్చాక జీడి, పొర తీసి ముక్క ముక్కా తుడవడం, మధ్యాహ్నంలోపు కలిపేయడం. కోసిన ముక్కని సాయంత్రానికి వాయిదా వేయొద్దు. నల్లబడుతుంది, నీరు దిగుతుంది.

ఉద్యోగం చేసేవాళ్ళకి వాయిదా వేయగలిగినదీ, వేయలేనిదీ విడదీసుకోవడమే పని తేలికయ్యే మార్గం. సీసాలు కడిగి ఎండబెట్టడం, ఉప్పు ఎండబెట్టి దంచడం, కారం తెప్పించడం వారం ముందైనా చేయొచ్చు. గుంటూరు కారం ఘాటుకి, ఎరుపు చాలదనుకుంటే వరంగల్ చపాటా కారం కొంత కలుపుకోవచ్చు. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఆ మిర్చి రంగెక్కువ, మంట తక్కువ. ఆవపిండి మాత్రం రెండు మూడు రోజుల ముందు చాలు. చిన్న ఆవాలు వేయించకుండా ఒక పూట ఎండలో ఉంచి, చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే వేడెక్కి నూనె వదిలి ఉండలు కడుతుంది. మిక్సీ గిన్నె తడిగా ఉంటే ఇంకో తంటా. ఆవగింజలోని ఘాటు తడి తగలగానే పుట్టి, గాలికి ఎగిరిపోతుంది. అది పచ్చడిలో, ముక్క ఊటలో పుట్టాలి గానీ మిక్సీలో కాదు. కలిపిన కొత్తలో చిరుచేదుగా అనిపిస్తే కంగారుపడి బెల్లం వేయకండి, రెండు మూడు వారాల్లో అదే సర్దుకుంటుంది.

తెలంగాణ ఇళ్ళలో అల్లం వెల్లుల్లి ముద్ద, జీలకర్ర మెంతి పొడి, కాచి చల్లార్చిన పోపు నూనెతో పెట్టే అల్లం ఆవకాయకి ఇంకాస్త జాగ్రత్త కావాలి. అల్లంలో నీరుంటుంది. కడిగి, పొట్టు తీసి, గుడ్డ మీద ఆరబెట్టాకే నూరుకోవాలి. నూనె గోరువెచ్చగా కూడా ఉండకూడదు. రెండో ఏడు దాకా నిలవాలని ఆశ పెట్టుకోకుండా సగం పరిమాణం పెట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచుకుంటే దాని రుచి దానిదే.

అపార్ట్‌మెంటుకి మారినవాళ్ళు ముందుగా వదులుకోవాల్సింది మాగాయ. బాధగానే ఉంటుంది, ఎందుకంటే చాలామందికి పప్పులో నంజుకోవడానికి ఆవకాయ కంటే అదే ఇష్టం. చెక్కు తీసి, చెక్కలు కోసి, ఉప్పు పసుపు వేసి మూడు రోజులు ఊరబెట్టి, ముక్కల్ని పిండి, వాటినీ ఊటనీ విడివిడిగా ఎండబెట్టాలి. మేడ మీద రోజంతా కాసే ఎండకి తయారైన పద్ధతి అది. బాల్కనీలో పొద్దున మూడు గంటలు వచ్చే ఎండకి ముక్క పైన ఎండి లోపల తడిగా ఉండిపోతుంది, అప్పుడు వాసన వస్తుంది. ఆవకాయకి ముక్కలు ఎండబెట్టే పని లేదు. ఎండ లేని ఇంటికి ఆవకాయ, ఎండున్న చుట్టాలింటి నుంచి సీసాడు మాగాయ. ఇచ్చి పుచ్చుకోవడం పాత ఇళ్ళలోనూ ఉన్నదే. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం అప్పడాల సంగతీ ఇంతే. మోకాళ్ళు మెట్లెక్కనివ్వనప్పుడు అవి కొనుక్కోవడమే.

చంటిపిల్లలున్న ఇల్లు, పరీక్షల ఏడు, ఆస్పత్రుల చుట్టూ తిరిగే ఏడు. అప్పుడు సీసా కూడా వద్దు. ఒక్క కాయ పచ్చడి చాలు. టెంక లేకుండా చిన్న ముక్కలు కోసి, రెండు పెద్ద చెంచాల కారం, రెండు చెంచాల ఆవపిండి, చెంచా నిండా ఉప్పు, అయిదారు చెంచాల నూనె. మర్నాటికి ఊరుతుంది, ఫ్రిజ్‌లో వారం పది రోజులు ఉంటుంది. పది నిమిషాల పని. బజారు పచ్చడి కొంటే చీటీ చదవండి. 260 అని ఉంటే ఎసిటిక్ ఆమ్లం, 211 ఉంటే సోడియం బెంజోయేట్. భయపడాల్సిందేమీ కాదు గానీ, ఆ గొంతు పట్టే పులుపు మామిడిది కాదని తెలుస్తుంది. పావుకిలో కొని చూశాకే పెద్దది కొనండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు. అక్కడ పచ్చివి అని దొరికే పెద్ద కాయలకి పులుపు తక్కువ, టెంక తీరు వేరు. కొట్లలో గడ్డకట్టించిన మామిడి ముక్కలు చూసి ఆశపడతారు. గడ్డకట్టినప్పుడు ముక్కలోని నీరు మంచుగా మారి కణాలు చిట్లుతాయి, కరిగాక ముక్క నీరు కారుతూ మెత్తగా ఉంటుంది. పప్పుకి భేషుగ్గా ఉంటుంది, ఆవకాయకి పనికిరాదు. అక్కడ కూడా ఒక్క కాయ పచ్చడే దారి, లేదా ఇక్కణ్ణుంచి వెళ్ళే సీసా.

ఏడాది మొత్తానికి సరిపోవాలనే పట్టు వదిలితే ఇంకో సుఖం ఉంది. ఒక్క మే నెల మీద భారమంతా పెట్టక్కర్లేదు. కార్తీకంలో ఉసిరికాయలొస్తాయి, ఆ తర్వాత చింతకాయ, చలి తగ్గే వేళకి పండుమిరప, నిమ్మకాయ ఎప్పుడూ ఉండేదే. ఒక్కో దఫా అరకిలో. ఉసిరికాయ కిలో పెట్టినా కాయకి నాలుగు గాట్లు పెట్టి నూనెలో మగ్గించడమే పెద్ద పని, అది పొయ్యే చేస్తుంది. చింతకాయ మాత్రం లేతగా, గింజ గట్టిపడకముందే కొనండి, లేకపోతే దంచలేరు. ఉప్పు పసుపు వేసి తొక్కి పెట్టుకుంటే మూడో రోజు ఈనెలు తీసేసి నూరుకోవడమే. కారం అప్పుడే కలపొద్దు, కావలసినప్పుడు కాస్త తీసి పండుమిరపతోనో ఎండుమిరపతోనో నూరి పోపు పెట్టుకుంటే సరి.